మోకాళ్ళూనలేని ఏడాది

ఆపరేషనుకి ముందురోజు డాక్టరుగారు మంచం దగ్గరికి వచ్చి, ఇంకేమైనా అడగాలా అన్నారు. ఎన్నాళ్ళకి నడుస్తాం, ఆ ఇనపగుండు ఎన్నేళ్ళు పనిచేస్తుంది అని అందరూ అడుగుతారట. నేను, "మళ్ళీ ఎప్పటికి మోకాళ్ళూనగలనండీ?" అని అడిగేను.

"మీ మోకాళ్ళకేం కాలేదుగా. తుంటి కదండీ మార్చేది" అన్నారాయన.

"ప్రార్థనకండీ."

"ముందు నడుద్దాం లెండి" అని నవ్వి పక్క మంచానికి వెళ్ళిపోయేరు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది. నేను అప్పటికి బడిలో పదవీవిరమణ చేసి ఏడాదిన్నర అయింది. పెళ్ళి చేసుకోలేదు. రాజోలు దగ్గర మా పేటలో, ప్రార్థనామందిరం గోడని ఆనుకున్న రెండు గదుల ఇంట్లో ఒక్కదాన్నీ ఉండేదాన్ని. ముప్ఫయ్యేళ్ళుగా స్త్రీల కూడిక నడిపింది నేనే. మా మందిరంలో బెంచీలు లేవు. చాపలు. ప్రార్థిద్దాం అనగానే అందరూ మోకాళ్ళ మీదికి లేచి, అక్కణ్ణించి నుదురు చాపకి తగిలేదాకా వంగుతారు. కుర్చీలు పెళ్ళిళ్ళకి తెచ్చేవి. మోకాళ్ళు పట్టేసిన ముసలమ్మలెవరైనా గోడకి చేరగిలబడి కూర్చుంటే, "నొప్పితోనే వంగండమ్మా, ఆయన మనకోసం పడ్డ నొప్పి ముందు ఇదెంత" అనేదాన్ని. నా కాళ్ళు బాగున్నప్పుడు అన్నమాట అది. అన్నందుకు ఆ రోజుల్లో నాకేమీ అనిపించలేదు కూడా.

తరవాత నాకే వచ్చింది. ఎడమ తుంటిలో ఎముక తలకి రక్తం అందక చచ్చిపోయిందన్నారు. రెండేళ్ళు నూనెలు రాసేను, బిళ్ళలు మింగేను, ఉపవాసాలు ఉన్నాను. చివరికి కాకినాడలో ఆపరేషను. మా తమ్ముడు వచ్చి సంతకం పెట్టి, పదిరోజులు ఉండి, సెలవు అయిపోయి వెళ్ళిపోయేడు. అతన్ని తప్పుపట్టను. రాగలిగినన్ని రోజులు వచ్చేడు.

ఆవిడ నాకు కనపడింది ఆపరేషను అయిన నాలుగోరోజున. వాకరు పట్టుకుని వరండాలో నాలుగడుగులు వేయమన్నారు. వేస్తున్నాను. కళ్ళు నేల మీదే ఉన్నాయి. బెంచీ మీంచి ఎవరో అన్నారు:

"ఏవండీ, నేలకేసి చూస్తే నేలే కనపడుద్ది. ఎదర చూడండి. నేలెక్కడికీ పారిపోదు."

తలెత్తేను. నా ఈడు మనిషే. ముదురాకుపచ్చ చీర, చెవులకి రాళ్ళ కమ్మలు, పక్కన చేతికర్ర. ఏడాది కిందట అక్కడే కుడి తుంటి మార్పించుకుందట, చూపించుకోవడానికి వచ్చింది. మా వైపు మనిషే. మా పేటకి రెండు మైళ్ళ అవతల, కాలవ దాటేక, కొబ్బరితోటలున్న రైతుల ఇంటి కోడలు. అలాంటి వాళ్ళ చేలల్లోనే మా అమ్మ నాట్లు వేసింది. నా నోట్లోంచి అలవాటుగా "అమ్మగారండీ" అని వచ్చింది.

"అమ్మగారేంటండీ! మీరేం చేస్తారు?"

"టీచర్ని చేసేనండి."

"అయితే మీరు టీచరుగారు. నేను పొయ్యి దగ్గర మనిషిని. ఇద్దరికీ వేసింది ఒకటే ఇనుము. అడుగెయ్యండి."

ఇంటికి వచ్చేక సంఘం నన్ను బాగానే చూసుకుంది. ఒకరు అన్నం తెచ్చేవారు, ఒకరు బట్టలు ఉతికేవారు. సాయంత్రం ఎవరో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసేవారు. మంచి ప్రార్థనలే. కానీ వెల్లకిలా తప్ప పడుకోకూడదని, కాళ్ళ మధ్య దిండు జారితే గుండె జారినట్టు ఉంటుందని, మోకాలు కన్నా ఎత్తు తక్కువ పీట మీద కూర్చోకూడదని, కింద పడ్డ జాకెట్టు కోసం అరగంట ఎవరైనా వస్తారేమోనని చూడాలని వాళ్ళకి తెలీదు. చెబితే "ప్రభువు చూసుకుంటాడు లెండి టీచరుగారూ" అనేవారు. ఆయన చూసుకుంటాడని నాకూ తెలుసు. జాకెట్టు మాత్రం నేల మీదే ఉండేది.

పదిహేనో రోజున ఆటో ఆగింది. ఆవిడే. ఆటోవాడు ముందు కర్రనీ తర్వాత ఆవిణ్ణీ దింపేడు. మా పేటలోకి ఆ ఇళ్ళ ఆడవాళ్ళు రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చుంది. మంచినీళ్ళు ఇప్పిస్తే తీసుకుని పక్కన పెట్టింది, తాగలేదు. తాగలేదని నేను గమనించేను. నేను గమనించేనని ఆవిడా గమనించింది.

"మీకో సామాను తెచ్చేనండి" అని చీరకొంగు కింద దాచినదేదో బయటికి తీసింది. మామిడికాయలు కోసే దోటి. గెడని రెండు మూరలకి కోయించి, చివర కొక్కెం అలాగే ఉంచింది. "దీంతో కింద పడ్డవన్నీ ఎత్తుకోవచ్చు. లంగాని కూడా దీనికే తగిలించి కాలికి ఎక్కించుకోవచ్చు. ముందు కోసిన కాలికి, తర్వాత మంచి కాలికి. విప్పేటప్పుడు తిరగేసి. మా ఇంట్లో నేను ఇది పట్టుకుని తిరుగుతుంటే మా చిన్నకోడలు తోటలోకి కాయలకి వెళ్తన్నారా అత్తయ్యగారూ అని వెటకారం."

మెట్లెక్కడం కూడా ఆవిడే నేర్పింది. మా అరుక్కి మూడు మెట్లు. "ఎక్కేటప్పుడు పెద్దకోడలు ముందు, దిగేటప్పుడు చిన్నకోడలు ముందు. పెద్దకోడలంటే మంచికాలండి, బరువు మోసేది అదే. చిన్నది కొత్తగా వచ్చింది, దాన్ని నమ్మకూడదు."

"మీ కోడళ్ళు వింటే?"

"ఇనాలనే అంటాను."

అన్నాళ్ళకి నవ్వేను. ఆ తరవాత వారానికోసారి వచ్చేది. మూడోసారి వచ్చినప్పుడు ఆవిడే, "టీ పెట్టించరా?" అంది. తాగింది. పెద్ద విశేషంలా రాస్తున్నానని అనుకోవద్దు. మా ఇంట్లో అది విశేషమే.

ఏడోవారానికి కర్రతో నడుస్తున్నాను. మా సంఘంలో జబ్బు నుంచి లేచినవాళ్ళ ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టడం ఆనవాయితీ. పాటలు, వాక్యం, లేచినవాళ్ళ సాక్ష్యం, ఆఖర్న అందరూ మోకాళ్ళూని ప్రార్థన. పాస్టరుగారు మంచిరోజు అని కాకుండా అందరికీ వీలైన రోజు చూసేరు. ఆవిణ్ణీ రమ్మన్నాను. "నేను లోపలికి రానండి, అరుగు మీద కూచుంటాను. మీరు పాడుకుంటంటే ఇంటాను" అంది.

నలభైమంది వచ్చేరు. రెండు గదులూ నిండిపోయి చాపలు వాకిట్లోకి కూడా వచ్చేయి. నన్ను మధ్యన కుర్చీలో కూర్చోబెట్టేరు. సాక్ష్యం చెప్పేను. అప్పుడు పాస్టరుగారు, "మోకాళ్ళూని దేవుణ్ణి స్తుతిద్దాం" అన్నారు.

ఒక్కసారి అందరూ ముందుకి వంగేరు. ముసుగులు, వీపులు. నా ఇంట్లో, నా దేవుడికి, నా కోసం అందరూ వంగి ఉంటే నేనొక్కదాన్నీ వాళ్ళందరి తలల మీద ఎత్తుగా కూర్చుని ఉన్నాను. ఎవరూ నన్ను వంగమనలేదు. పాస్టరుగారు అంతకుముందే, "మీరు కూర్చోండమ్మా" అని కూడా చెప్పేరు. అయినా ఆ కుర్చీ నాకు సింహాసనంలా, సిగ్గులా అనిపించింది. గోడకి చేరగిలబడ్డ ముసలమ్మల్ని వంచినదాన్ని నేను. పక్కనున్న మంచం కోడు పట్టుకుని మెల్లిగా జారేను. కుడి మోకాలు, తర్వాత ఎడమ మోకాలు. ఆనేయి. ఏమీ కాలేదు. ఏడువారాల తరవాత మోకాళ్ళకి చాప తగిలితే కళ్ళలో నీళ్ళొచ్చేయి. అక్కడ ఆగి ఉంటే సరిపోను. నుదురు ఆనాలని వంగేను.

లోపల టక్కుమంది. ఆ వెనకాలే వచ్చిన నొప్పిని చెప్పడానికి నాకు మాటలు లేవు. "ప్రభువా!" అని అరిచేను. "ప్రభువా! ప్రభువా!"

నా చుట్టూ, "స్తోత్రం!" అన్నారు.

మళ్ళీ అరిచేను. ప్రార్థన ఇంకా పెద్దదయింది. సంఘపెద్ద ఒకాయన గొంతెత్తి అందుకున్నారు. మా కూడికల్లో అలా అరిచి ఏడ్చేవాళ్ళు ఉంటారు. పరిశుద్ధాత్మ తాకిందనుకుంటాం. నేనే ఎంతమందిని చూసి అలా అనుకున్నానో! పక్కనున్న సహోదరి ఆనందంతో ఏడుస్తూ నా వీపు మీద చెయ్యి వేసి నొక్కింది. దీవెనగానే నొక్కింది. కళ్ళు మూసుకుని ఉంది. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. నలభైమంది నా పేరు దేవుడికి చెబుతున్నారు, నేను వాళ్ళ మధ్య నేల మీద విరిగి ఉన్నాను, ఒక్కరికీ తెలీదు. నా జీవితంలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

గుమ్మం మీద కర్ర దబదబా మోగింది.

"అయ్యబాబోయ్, కళ్ళు తెరవండర్రా! ఆవిడ చేసేది ప్రార్థన కాదర్రా, కాలు ఊడింది! ఆ చెయ్యి తియ్యమ్మా వీపు మీంచి, ముందు ఆ చెయ్యి తియ్యి!"

అరుగు మీద కూర్చున్న ఆవిడ ఒక్కతే కళ్ళు తెరుచుకుని ఉంది. ఆవిడది మా ప్రార్థన కాదు కదా. చాపలు తొక్కుకుంటూ మొదటిసారి మా ఇంటి లోపలికి వచ్చింది. "కాలు లాగకండి. ఎవరూ లాగకండి. దిళ్ళు తెండి. తలుపుచెక్క ఊడదీయండి. పాస్టరుగారండీ, వేన్ పిలిపించండి ముందు, దండం తరవాత పెట్టుకుందురు గాని." పాస్టరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేరు.

వేన్‌లో కాకినాడ దాకా నా తల పక్కన కూర్చుంది. ప్రతి గతుక్కీ నేను అరుస్తుంటే, వాళ్ళ తోటలో కోతులు ఎన్ని బొండాలు పాడుచేసేయో, వాళ్ళ మరిది ఏ కోతిని ఏమని తిట్టేడో చెబుతూనే ఉంది. ఒక్కటీ గుర్తులేదు. మాట ఆగకపోవడం గుర్తుంది.

మత్తిచ్చి గుండుని గూట్లో కూర్చోబెట్టేరు. డాక్టరుగారికి కోపం వచ్చింది. "ఎవరు వంగమన్నారండీ మిమ్మల్ని?" అన్నారు. ఎవరూ అనలేదని చెప్పేను. "ఒకసారి ఊడింది ఇంకోసారి సులువుగా ఊడుతుంది. ఇంక జన్మలో మోకాళ్ళ మీద వంగకండి" అన్నారు. మొదట నేనడిగిన ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు అదీ.

మళ్ళీ ఆరువారాలు మంచం. ఈసారి వచ్చేవాళ్ళు తగ్గేరు. ప్రేమ లేక కాదు. మొహం చెల్లక. వచ్చినవాళ్ళలో ఒకరు సాతాను అడ్డుపడ్డాడన్నారు. ఒకావిడ గుమ్మంలో నిలబడి, విశ్వాసం ఎక్కడో సన్నగిల్లి ఉంటుందని మెల్లిగా అంది. వీపు మీద చెయ్యి వేసిన సహోదరి అసలు రాలేదు. తను మా వీధి మానేసి కాలవ గట్టు మీంచి తిరిగి వెళ్తోందని విన్నాను. రమ్మని కబురు పెట్టాల్సింది నేను. పెట్టలేదు. ఆ ఆరువారాల్లో నేను చేయని పనుల్లో నన్ను ఇప్పటికీ పొడిచేది అది. తరవాత ఒకరోజు మందిరం దగ్గర ఎదురుపడితే ఇద్దరం వందనాలు చెప్పుకున్నాం, అంతే.

పాస్టరుగారు వచ్చి, "బైబిల్లో దేవుడితో పెనుగులాడి తుంటి తొలగినాయన ఉన్నాడు కదమ్మా. ఆఖరికి చేతికర్ర మీద ఆనుకునే ఆరాధించేడు" అన్నారు. సండేస్కూల్లో ఆ సంగతి నేనే ఎన్నిసార్లు చెప్పేనో! ఆయన మంచికే చెప్పేరు. కానీ రెండు తుంట్లూ బాగున్న మనిషి నోట విన్నప్పుడు అది పాఠంలాగే ఉంది.

అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు ప్రార్థన రావడం లేదు. ముప్ఫయ్యేళ్ళుగా మోకాళ్ళకి చాప తగలగానే నోట్లో మాట పుట్టేది. ఇప్పుడు వెల్లకిలా పడుకుని రేకుల కప్పు చూస్తూ, "పరలోకమందున్న తండ్రీ" అంటే, ఆ మాట రేకులకి తగిలి నా మొహం మీదే పడినట్టుండేది. దేవుడు లేడని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. ఆయన ఉన్నాడు, నాకు దారి తెలియడం లేదు. అది ఇంకా బాధ.

వారానికోసారి వచ్చే ఆవిడకి మాత్రం చెప్పేను. చెప్పాలని కాదు, "మొహం అలా పెట్టేరేంటి" అని అడిగితే వచ్చేసింది.

"కూచుని చెబితే వినడా మీ దేవుడు?" అంది.

"వింటాడండీ."

"మరింకేం?"

"నాకే చెప్పడం రావట్లేదు."

ఈసారి వేళాకోళం ఆడలేదు. కర్ర మీద గడ్డం ఆనించింది. "నేను గుళ్ళో ప్రదక్షిణం చేసి రెండేళ్ళయిందండి. ధ్వజస్తంభం దగ్గర కుర్చీ ఏసుకుని కూచుంటాను. అందరూ నా చుట్టూ తిరిగి పోతంటారు. అడ్డంగా ఉన్నానని పూజారిగారికి విసుగు. ఇంటికొచ్చేస్తాను. ఏం కోరుకున్నావే అంటే ఏమీ కోరుకోలేదు, కుర్చీ ఎప్పుడు తీసేత్తారా అని చూసేను." నన్ను ఓదార్చలేదు. అయినా ఆ సాయంత్రం నాకు కొంచెం తేలికైంది.

నేను లేచి మందిరానికి వెళ్ళగలిగేనాటికి వానలు మొదలయ్యేయి. ఆడవాళ్ళ వైపు ఆఖర్న, గోడ పక్కన, నాకు కుర్చీ వేసేరు. స్త్రీల కూడిక వేరే ఆవిడ నడుపుతోంది. బాగా నడుపుతోంది. ప్రార్థన వేళ అందరూ వంగితే నాకు వీపులే కనపడేవి. పెదాలు కదిపేదాన్ని.

ఆ చలికాలం కాలవ అవతలి ఆవిడకి రెండో తుంటి కూడా మార్చాలన్నారు. ఆవిడ మాటలన్నీ తగ్గేయి. "టీచరుగారండీ, మీరు రావాలి. మా వాళ్ళు పదిమంది వస్తారు. ఆళ్ళలో ఒక్కళ్ళకీ తెలీదు" అంది. వెళ్ళేను.

శుక్రవారం పొద్దున్న లోపలికి తీసుకెళ్ళబోతున్నారు. నగలు తీసేస్తే ఆవిడ చిన్నగా కనపడింది. చుట్టూ కొడుకులు, కోడళ్ళు, మరిది. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"మీవాడికి ఓ మాట చెప్పండి."

"చెప్తానండీ, ఇంటికెళ్ళి..."

"ఇక్కడే చెప్పండి. నాకినపడాలి. తరవాత చెప్తానంటే నమ్మను."

గదిలో అందరూ చూస్తున్నారు. మరిదిగారు గొంతు సవరించుకున్నారు. నేను ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో మంచం కడ్డీ పట్టుకుని నిలబడి, ఈ సహోదరిని నీ చేతికి అప్పగిస్తున్నాము, వైద్యుల చేతులకు తోడై ఉండుము, ఆమెన్ అన్నాను. ఆస్పత్రుల్లో వందసార్లు అన్న మాటలే. లోపల ఏమీ కదల్లేదు.

ఆవిడ కళ్ళు తెరిచే ఉంచింది. "అంతేనా? ఆ రోజు మీ ఇంట్లో గంట చేసేరు. నాకు ఇంతేనా?" అంది. నవ్వబోయింది, నవ్వు రాలేదు. చక్రాల మంచం కదిలిపోయింది.

వరండాలో వాళ్ళంతా ఒక వైపు, నేను ఒక వైపు. మధ్యాహ్నం దాటేక బయటికి తెచ్చేరు. బాగానే అయిందన్నారు. ఆదివారం పొద్దున్న మంచం దింపుతామన్నారు. ఇంక మేం చూసుకుంటామండీ, మీరు ఇబ్బంది పడకండని పెద్దకోడలు మర్యాదగా చెప్పింది. ఆ గదిలో నాకు కూర్చోడానికి చోటు కూడా లేదు. బస్సెక్కి వచ్చేసేను. దారంతా "నాకు ఇంతేనా" అన్న మాటే. నాకోసం కర్రతో గుమ్మం బాదిన మనిషికి నేనిచ్చింది కంఠతా వచ్చిన నాలుగు ముక్కలు.

ఆదివారం మందిరంలో అందరూ మోకాళ్ళూనేరు. కుర్చీలో కూర్చుని గోడమీది గడియారం చూసేను. తొమ్మిదిన్నర. ఇప్పుడు దింపుతూ ఉంటారు. ఆ క్షణం నాకు బాగా తెలుసు. తల తిరుగుతుంది. కాలు ఎవరిదో అనిపిస్తుంది. నర్సు తొందరపెడుతుంది. చుట్టూ ఉన్న పదిమందీ ధైర్యంగా ఉండమంటారు, అది వింటే ఒళ్ళు మండుతుంది. ప్రభువా, ఆ నర్సుకి ఇవాళ ఓపిక ఇవ్వు. ఆ కోడళ్ళలో ఎవరైనా ఒకరు మాట్లాడకుండా మోచెయ్యి పట్టుకునేలా చెయ్యి. కళ్ళు తిరిగితే చెప్పడానికి ఆవిడ సిగ్గుపడుతుంది, సిగ్గుపడనివ్వకు. సూది మందులకి నోరు చేదుగా ఉంటుంది, ఎవరైనా నిమ్మకాయ తెస్తే బాగుండును. మూడు రోజులుగా విరేచనం అయి ఉండదు, అది ఎవరితోనూ చెప్పుకోదు, నువ్వే చూడు. భయంతో నిద్రపోయి ఉండదు. ఆవిడ నిన్ను పిలవదు, నీ పేరు ఆవిడకి అలవాటు లేదు. అయినా పక్కనుండు. నేను అక్కడ లేను, నన్ను పంపించేసేరు. నువ్వు ఉండు.

ఎంతసేపు చెప్పుకున్నానో తెలీదు. ఆమెన్ అని తలెత్తేసరికి అందరూ ఎప్పుడో లేచి కూర్చున్నారు. పాట రెండో చరణం నడుస్తోంది. పక్క చాప మీది పిల్లల తల్లి నాకేసి చూసి, పాటల పుస్తకం తెరిచి నా ఒళ్ళో పెట్టింది.